ఒడ్డు దిగని మన్ను

పామిడి

మా పామిడిలో పెన్న వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే. అలాంటి ఊళ్ళో పుట్టి, బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన నేను, ఒక ఆసామి సొంత తెరచాప పడవ ఎక్కి పరాయి దేశపు నీళ్ళలోకి వెళ్ళి వచ్చాను. శుక్రవారం జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద అందరూ అడిగేది ఒకటే: విమానాలుండగా పడవ ఎందుకు? దానికి జవాబు నా తమ్ముడి సంగతితో మొదలవుతుంది.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తమ్ముడు హుసేనప్ప శనక్కాయలు ఆరబోసుకునే పట్టలు కుట్టేవాడు. ఒకసారి హిందూపురానికి చెందిన దివాకర్ అనే పెద్దమనిషి చిరిగిన తెరచాపను కారు మీద కట్టుకుని మా వీధికి వచ్చాడు. బెంగళూరులో ఎవరి మిషనూ దాన్ని మోయలేదట. పట్టలు కుట్టే మిషన్ మీద హుసేనప్ప సాయంత్రానికల్లా కుట్టి ఇచ్చాడు. ఆ కుట్టు నచ్చి దివాకర్ అతణ్ణి కొచ్చి తీసుకుపోయాడు. అక్కడ ఆయన పడవ ఉంది. తమ్ముడు మొదట తెరచాపలు బాగుచేయడానికి, తరువాత పడవతో పాటు ప్రయాణాలకు అలవాటు పడ్డాడు. కిందటి చలికాలం మాల్దీవులకు పోతూ నడిసముద్రంలో, మిట్టమధ్యాహ్నం పూట, గుండె ఆగి పోయాడు. చేరిన దీవిలోనే మట్టి చేశారు. ఆలస్యం చేయకూడదన్నది మా ధర్మం. ఫోనులో అడిగితే అతని భార్య మస్తానమ్మే "అట్లే కానీండి" అంది.

అంది గాని, ఒకటి మిగిలిపోయింది. మా వీధిలో ఆడవాళ్ళు గోరీల దగ్గరికి రారు. అందుకని ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడమనిషి వాకిట్లో మన్ను పిడికెడు తీసి గుడ్డలో కట్టి మగవాళ్ళ చేతికిస్తుంది. గోరీ పూడ్చేటప్పుడు అందరూ వేసే మూడు గుప్పిళ్ళతో పాటు ఆ మన్నూ పడుతుంది. ఇది శాస్త్రంలో లేదని జమాతు పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు. నేనూ చెప్పాను. ఎవరూ మానలేదు. హుసేనప్ప మీద ఆ మన్ను పడలేదు.

ఎండలు ముదిరాక మస్తానమ్మ అన్నం సరిగా తినడం మానేసింది. వాకిలి వదిలి కదిలేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గడపలో కూర్చుని ఉంది.

"ఎండపూట ఈడేం చేస్తాండావు మస్తానమ్మా?"

"మీ తమ్ముడు వచ్చినాడు బావా."

"పిచ్చిమాటలు మాట్లాడొద్దు. పోయినోళ్ళు రారు."

"నేనేమన్నా లోపలికి రమ్మన్నానా? ఆయప్పే వచ్చి నిలబడతాండాడు. మాట్లాడడు. కాళ్ళు తడిగా ఉంటాయి. అగో చూడు."

వాకిట్లో పరిచినవి నల్లని కడప బండలు. చెప్పులు లేకుండా నిలబడలేనంత వేడి. గడపకు ఎదురుగా ఉన్న బండ మీద రెండు తడి మరకలు పక్కపక్కన ఉన్నాయి. నేను చూస్తుండగానే అంచుల నుంచి ఆరిపోతున్నాయి. ఆ వీధిలో నీళ్ళ ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. వంగి వేలు తడిపి నాలుకకు తాకించాను. ఉప్పగా ఉంది. మా బోరునీళ్ళూ ఉప్పనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఆయన యాడా చేరుకోలేదు బావా," అంది మస్తానమ్మ. "నా మన్ను పడలేదు గదా. నువ్వు పోయి మట్టి ఇచ్చి రా. ఆయన పోయిన దావనే పో."

పోయినవాళ్ళకూ మనకూ నడుమ తెర ఉంటుందని, అందరూ తిరిగి లేచే అంతిమదినం దాకా అది తొలగదని నేను చిన్నప్పటి నుంచి చదివాను, నలుగురికీ చెప్పాను. ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఆ సాయంత్రమే దివాకర్‌కు ఫోను చేశాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "పాసుపోర్టు తీయించుకో అయివారూ, మిగతాది నేను చూసుకుంటా."

గుత్తి జంక్షన్

బయలుదేరిన రోజు గుత్తి స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఇలాంటిది మళ్ళీ ఎప్పుడో అని రెండోసారి కూడా పెట్టించుకున్నాను. రైలులో ఎదురుగా ధర్మవరం పట్టుచీరలు మోసుకుపోయే వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. నా ఒళ్ళో ఉన్న, మస్తానమ్మ కట్టిచ్చిన గుడ్డమూటను చాలాసేపు చూశాడు.

"ఏమప్పా అంత గట్టిగా పట్టుకున్నావు, బంగారమా?"

"మన్ను."

"మన్నా? నువ్వు పోయే కాడ మన్ను దొరకదా?"

"ఆడ ఉండేదంతా ఇసకంట అన్నా."

"మా కాడికి పట్టు వేరే దేశం నుంచి వస్తాది. నువ్వు మన్ను పట్టుకుని వేరే దేశం పోతాండావు. బాగుండాది యాపారం." నవ్వాడు. కాసేపటికి ఎందుకో అడిగాడు, చెప్పాను. తరువాత ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు మాత్రం మూట వైపు చూడకుండా, నాకు కొంచెం దూరంగా జరిగి నడిచిపోయాడు.

కొచ్చి

మనిషి దేశం దాటాలంటే పాస్‌పోర్టు కావాలని అందరికీ తెలుసు. పడవ దేశం దాటాలన్నా అలాంటి తంతు ఉంటుందని నాకు కొచ్చిలో తెలిసింది. సొంత పడవైనా సరే, ఇష్టం వచ్చినప్పుడు తాడు విప్పుకుని పోవడానికి లేదు. రేవు ఆఫీసు నుంచి "ఈ పడవ మా దగ్గర నుంచి సక్రమంగా బయలుదేరింది" అని కాగితం తీసుకోవాలి. అది లేకుండా వెళితే అవతలి రేవు రానివ్వదు. కస్టమ్స్ వాళ్ళు చూడాలి. పడవలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, పనీ రాసి ఇవ్వాలి. నా పేరు పక్కన వంటవాడు అని రాశారు. నాకు వంట రాదు.

"సంగటి కెలకడం రాదా?" అన్నాడు దివాకర్.

"తినడం వస్తాది."

"చాల్లే. సముద్రం మీద ఎవరూ ఎక్కువ తినరు."

మాల్దీవులకు మనం ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. దిగిన చోట స్టాంపు కొడతారు. పడవకు మాత్రం అక్కడ ఒక ఏజెంటును ముందే మాట్లాడుకోవాలి.

ఇమిగ్రేషన్ వాళ్ళు పాస్‌పోర్టు మీద స్టాంపు కొట్టాక గాలి కోసం ఒక పూట ఆగవలసి వచ్చింది. నిమ్మకాయలు మరిచిపోయామని పడవలో మూడోవాడైన బిజు చెప్పాడు. అతను కేరళ మనిషి, దివాకర్ దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్నాడు. జెట్టీ చివర కొట్టులో నిమ్మకాయలు కనిపిస్తూనే ఉన్నాయి. తెస్తానని నేను లేచాను. దివాకర్ చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కాలు పెట్టకూడదు అయివారూ. స్టాంపు పడింది. మనం ఇండియాలో లేము."

"మరి యాడ ఉండాము?"

"ఇంకా యాడా లేము."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఎండలో ఒళ్ళు చల్లబడింది. మస్తానమ్మ అన్నది కూడా అదే కదా.

నీళ్ళ నడుమ

మొదటి రోజంతా వాంతులు. రెండోరోజుకు లేచి కూర్చున్నాను. పడవలో మంచినీళ్ళు కొలిచి వాడతారు. అనంతపురం మనిషిని గనక నాకది కష్టమనిపించలేదు. చెంబుడు నీళ్ళతో ముఖం, చేతులు, కాళ్ళు ఎలా కడుక్కోవాలో నేనే బిజుకు చూపించాను. నమాజుకు ముందు చేసే వజూ మాత్రం సముద్రపు నీళ్ళతోనే చేసుకున్నాను. వెనకటికి ఓడవాళ్ళు ప్రవక్తను ఇదే సందేహం అడిగితే ఆ నీళ్ళు శుద్ధమైనవేనని సమాధానం వచ్చింది. నమాజుకు దిక్కు బిజు దిక్సూచి చూసి చెప్పేవాడు. పడవ తిరిగితే నేనూ తిరిగేవాణ్ణి.

సంగటి వండబోయి పిండి ఉండలు కట్టించాను. దివాకర్ ఒక ఉండను గాలిలోకి ఎగరేసి పట్టుకుని, "లంగరు పోయినా పరవాలేదు, ఇది వేద్దాం," అన్నాడు. మస్తానమ్మ కట్టిచ్చిన శనక్కాయల ఊరుబిండి పచ్చడి ఉండబట్టి ముగ్గురం ఎలాగో మింగాము.

ఆ మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. సముద్రం అద్దంలా పరుచుకుంది. మా పక్క మే నెలలో మిట్టమధ్యాహ్నం చేలల్లో నిలబడితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. పక్షి లేదు, నీడ లేదు, దూరాన ఎండ మెరుపు. తెరచాప వేలాడింది. దాని మీద తమ్ముడి కుట్టు కనిపిస్తోంది, పట్ట మీద వేసే జంట కుట్టు. అప్పుడు వినిపించింది, టకటక, టకటక, ఆగి మళ్ళీ టకటక. పెద్ద మిషన్ మీద దళసరి గుడ్డ నడిచే చప్పుడు.

బిజు నా ముఖం చూసి, "తాడు, సార్. స్తంభానికి కొట్టుకుంటోంది," అన్నాడు. లేచి ఆ తాడును గట్టిగా బిగించి కట్టాడు. చప్పుడు ఆగలేదు. బిజు నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఈ చుట్టుపక్కలే," అన్నాడు దివాకర్ మెల్లగా. "సూది చేతిలో ఉండగానే ఒరిగిపోయినాడు. ఏమీ అడగలేదు. నీళ్ళు కూడా."

నేను రక్షణ కోరే వాక్యాలు పైకే చదివాను. చదువుతూ ఉంటే చప్పుడు ఆగింది. ఆగినందుకు సంతోషించాలో, తమ్ముణ్ణి తరిమేశానని బాధపడాలో నాకు తెలియలేదు. మూటను ఎండ తగలకుండా లోపల పెట్టి వచ్చాను.

పసుపు జెండా

దీవి ముందుగా కొబ్బరిచెట్ల గీతలా కనిపించింది. నీళ్ళు ఆకుపచ్చ, ఒడ్డు తెలుపు. దివాకర్ రెండు జెండాలు ఎగరేశాడు. ఒకటి ఆ దేశానిది, గౌరవానికి. రెండోది మామూలు పసుపు గుడ్డ. ఆ పసుపు జెండా ఉన్నంతసేపూ పడవలోంచి ఎవరూ దిగకూడదు, ఆఫీసర్లు తప్ప ఎవరూ ఎక్కకూడదు. మేము జబ్బు లేనివాళ్ళమని వాళ్ళు తేల్చాకే దాన్ని దించుతారు. రేడియోలో పిలిచి, లంగరు వేసి కూర్చున్నాము. ఒడ్డున మసీదు నుంచి అజాన్ వినిపించింది. వెళ్ళలేకపోయాను. పిలుపు వినిపిస్తుంది, కాలు కదలదు. పోయినవాళ్ళ స్థితి ఇలాగే ఉంటుందేమోనని అనిపించింది.

"తమ్ముణ్ణి కూడా ఈడే ఉంచినారా, ఈ జెండా కింద?" అని అడిగాను.

"అవును. పొద్దున వచ్చినాము, మధ్యాహ్నం దాకా. పడవలో ప్రాణం పోతే అందరినీ చూసి గాని దింపరు. ఒడ్డున జనమంతా వరసలో నిలబడి కాచుకున్నారు. తెలియని మనిషి కోసం."

దివాకర్ అప్పుడు చుట్టలో ఉన్న తాడును విప్పి మళ్ళీ చుడుతూ, "అయివారూ, ఆ మూట సంగతి మాట్లాడొద్దు. అడిగినా ఊఁ అనొద్దు. నా పడవను ఆపేస్తే మీ తమ్ముడి గోరీ కూడా చూడలేవు," అన్నాడు.

ఆఫీసర్లు చిన్న మోటారు పడవలో వచ్చారు. చెప్పులు విప్పి ఎక్కారు, సలాం చెప్పారు. పెద్దాయనకు హిందీ వచ్చు, నాకు ఉర్దూ కొంత వచ్చు. ఆయన మొదట చుట్టూ చూసి, "నాలుగో అతన్ని కూడా రమ్మనండి," అన్నాడు.

"మేము ముగ్గురమే," అన్నాడు దివాకర్.

"ఒడ్డు నుంచి చూస్తే నలుగురు కనిపించారు. ఒకరు తెరచాప దగ్గర కూర్చుని ఉన్నారు."

ఆయన స్వయంగా కిందికి దిగి గదులు చూశాడు. పైకి వచ్చి, "ఎండ," అన్నాడు. తరువాత ఆరోగ్యం ప్రశ్నలు. జ్వరం ఎవరికైనా వచ్చిందా? ప్రయాణంలో ఎవరైనా చనిపోయారా? దివాకర్ "ఈసారి లేదు," అన్నాడు.

మద్యం సీసా ఒకటి ఉందని దివాకరే చెప్పాడు. అది ఆ దేశంలో ఒడ్డు దిగకూడదు. చుక్కాని దగ్గరున్న లేపాక్షి బసవన్న చిన్న రాతి బొమ్మ కూడా పడవలోనే ఉండాలన్నారు. మర్యాదగానే అన్నారు. చివరగా పెద్దాయన నా వైపు తిరిగి, "విత్తనాలు, మొక్కలు, మట్టి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

దివాకర్ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే ఎంతో బతిమాలుకోవడం ఉంది. నోటితో ఒక అబద్ధం ఆడి, అదే నోటితో తమ్ముడి గోరీ మీద దువా చదవాలి. నాకు చేతకాలేదు.

"మన్ను ఉంది," అన్నాను. తెచ్చి చూపించాను. ఎందుకు తెచ్చానో చెప్పాను.

ఆయన ముడి విప్పి పామిడి ఎర్రమన్నును చాలాసేపు చూశాడు. తాకలేదు. "మీ తమ్ముడి జనాజాలో నేనూ ఉన్నాను," అన్నాడు. "మూడు గుప్పిళ్ళు నేనూ వేశాను. కానీ ఈ మట్టి మా నేల మీద పడకూడదు. మట్టిలో కంటికి కనిపించనివి ఎన్నో వస్తాయి. మా దీవి చాలా చిన్నది, భాయీ."

ముడి నేనే మళ్ళీ వేశాను. ఆయన ఒక అరలో మద్యం సీసా, బసవన్న, మన్నుమూట పెట్టి తాళం వేసి, కాగితం అంటించి సీలు వేశాడు. పాస్‌పోర్టు మీద స్టాంపు కొట్టాడు. పసుపు జెండా దిగింది.

"నా దేవుడూ, నా బుడ్డీ, నీ మన్నూ, మూడూ ఒకే జైల్లో," అన్నాడు దివాకర్. కోపం లేదు. పడవను ఆపలేదన్న నెమ్మది ఉంది.

తెల్ల ఇసుక

ఆ దీవిలో వీధులు కూడా తెల్ల ఇసుకవే. పొద్దున్నే ఆడవాళ్ళు గుంపుగా వచ్చి ఊడుస్తారు, చీపురు గీతలు ముగ్గులా మిగిలిపోతాయి. మాకు చేపపొడి, కొబ్బరి, ఉల్లిపాయ కలిపి రొట్టెతో పెట్టారు. హోటలువాడు దుడ్లు తీసుకోలేదు. హుసేనప్ప అన్ననని అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. చిన్న సీసా మంచినీళ్ళ ధర మాత్రం మా ఊళ్ళో బిందెడు నీళ్ళ కంటే ఎక్కువ. చుట్టూ అంత నీరు పెట్టుకుని వీళ్ళు కూడా మనలాగే వాన కోసం చూస్తారు, ఇంటికప్పుల మీద పడింది తొట్లలో పట్టుకుంటారు.

గోరీల తోట మసీదు వెనక ఉంది. ఆడవాళ్ళు అక్కడికి కూడా వస్తారు. ఆ మాట మా జమాతులో చెబితే ఎవరు ఏమంటారో నాకు తెలుసు. పెద్దలు ఈ విషయంలో ఒక మాట మీద లేరనీ తెలుసు. ఆమినా అనే ముసలామె గోరీల మధ్య ఊడుస్తోంది. పడవ మీదికి వచ్చిన పెద్ద ఆఫీసరే నాకు తోడు వచ్చి ఆమె మాటలు తిప్పి చెప్పాడు.

తమ్ముడి గోరీకి తలవైపు పగడపు రాయి నిలిపారు. తెల్లని ఇసుక. దువా చదివాను. మస్తానమ్మ తరఫున అక్కడి ఇసుకే మూడు గుప్పిళ్ళు వేశాను. చేతికి ఏమీ అంటలేదు, దులపక్కర్లేకుండానే రాలిపోయింది. మన మన్ను అలా రాలదు.

ఆమినా చీపురు ఆపి ఏదో అంది. ఆఫీసరు వెంటనే తిప్పి చెప్పలేదు. నేను అడిగితే చెప్పాడు: "ఈ ఒక్క గోరీ దగ్గర రోజూ అడుగుల గుర్తులు ఉంటాయట. ఇక్కడి నుంచి నీళ్ళ దాకా. తిరిగి వచ్చిన గుర్తులు ఉండవట. ఆమె రోజూ ఊడ్చేస్తుందట."

"పిల్లలై ఉంటారు," అన్నాను.

ఆమెకు అది చెప్పాడు. ఆమె నా కాళ్ళ వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఏదో అడిగింది.

"ఇతని ఆడవాళ్ళు ఎప్పుడు వస్తారని అడుగుతోంది."

"మా పక్క ఆడవాళ్ళు గోరీల దగ్గరికి రారని చెప్పండి."

ఆమె విని, మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. గోరీ పక్కన ఊడ్చిన ఇసుక మీద, సముద్రం వైపు తిరిగిన పాదం గుర్తు ఒకటి చీపురుకు అందకుండా మిగిలి ఉంది. దాని అడుగున ఇసుక తడిగా ఉంది.

కొంచెం ఆ ఇసుకైనా మస్తానమ్మకు తీసుకుపోదామని వంగాను. ఆఫీసరు నా భుజం మీద చేయి వేశాడు. "అది కూడా కుదరదు, భాయీ. ఇసుక, పగడం ఈ దేశం దాటకూడదు."

తిరుగు దారి

బయలుదేరే ముందు మళ్ళీ అన్ని కాగితాలూ జరిగాయి. పెద్దాయన సీలు తీసి మూట నా చేతికిచ్చాడు. కొచ్చి ఏజెంటుకు దివాకర్ ముందే ఫోను చేసి అడిగాడు. స్పీకరులో నేనూ విన్నాను.

"మన మన్నే కదప్పా, పామిడిది," అన్నాడు దివాకర్.

"మనదే సార్. కానీ పడవ విదేశం నుంచి వస్తోంది. దింపితే పట్టుకుంటారు."

అంటే ఆ పిడికెడు మన్నుకు వెళ్ళిన చోటా తావు లేదు, పుట్టిన చోటా తావు లేదు. దివాకర్ ఒక్క మాటే అన్నాడు: "హుసేనప్ప ఒరిగిన చోటు నాకు తెలుసు. ఆడే వదిలేద్దాం."

అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమే. ఎలా లెక్కపెట్టినా అదే పొద్దుకు చేరాము. గాలి పోయింది. నీళ్ళు పరుచుకున్నాయి. నేను వజూ చేసుకుని పడవ అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. మన్ను నుంచి పుట్టించిన వాడే మన్నులోకి చేరుస్తాడని, మళ్ళీ అందులోంచే లేపుతాడని మనసులో చెప్పుకుంటూ ఆ పిడికెడు మన్నును మూడు విడతలుగా వదిలాను. మా వీధిలో నేను ఎన్నాళ్ళో తప్పని చెప్పిన పనే అది.

మన్ను వెంటనే మునగలేదు. సన్నని ఎర్రదుమ్ము నీటి మీద పరుచుకుంది. పొడుగ్గా, పడుకున్న మనిషంత. అది విడిపోతుందని చూశాము, విడిపోలేదు. మెల్లగా పడవను వదిలి దక్షిణానికి, మేము వచ్చిన దీవి వైపు సాగింది.

"నీటి వాలు," అన్నాడు బిజు.

దివాకర్ ముందున్న పరికరం చూశాడు. "వాలు ఉత్తరానికి ఉండాది," అన్నాడు.

ముగ్గురం అది కనిపించినంతసేపూ చూశాము. తరువాత గాలి వచ్చింది, పడవ కదిలింది.

మళ్ళీ పామిడి

రైలు దిగి ఇంటికి కూడా పోకుండా మస్తానమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఏం చెప్పాలో దారంతా ఆలోచించాను. వేసి వచ్చానని ఒక్క మాట అంటే చాలు, అన్నం తింటుంది. సగం నిజం కూడా. ఆమె గడపలోనే ఉంది. చిక్కిపోయింది. చెంబుతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఊరుకుని అడిగింది.

"మట్టి ఇచ్చినావా బావా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మన్నును ఒడ్డు దిగనివ్వలేదని, ఇసుకను తేనివ్వలేదని, సముద్రంలో వదిలామని చెప్పాను. ఎర్రదుమ్ము సాగిన సంగతి, అడుగుల సంగతి కూడా దాచలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నిన్ను మాత్రం ఎట్ల దిగనిచ్చినారు?"

"పాసుపోర్టు చూసినారు. స్టాంపు కొట్టినారు."

"ముందుగా ఏమన్నా రాయించుకోవాల్నా?"

"ల్యాదు. ఆడ దిగినాకనే. దానికి దుడ్లు కూడా అడగరు."

"ఆడోళ్ళకు కూడా అంతేనా?"

"ఎవరికైనా అంతే."

"ఆ ముసలామె గోరీల కాడనే ఊడుస్తాదా? ఎవురూ ఏమనరా?"

"ఎవురూ ఏమనరు. నీ గురించి అడిగింది. ఎప్పుడొస్తాదని."

మస్తానమ్మ నా చేతిలోని చెంబు తీసుకుంది. చెంబు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది.

"మన్నును రానీరు. మనిషిని రానిస్తారు," అంది చివరికి. "మేమేమో ఇన్ని దినాలూ మన్నును పంపించి మనుషులం ఇంట్లో కూర్చుంటిమి."

"మస్తానమ్మా, జమాతులో..."

"జమాతోళ్ళకు నువ్వు చెప్పుకో బావా, నీకు చదువొచ్చు గదా. నాకు పాసుపోర్టు తీపియ్యి. రెండు పట్టల మిషన్లు ఉండాయి, ఒకటి అమ్మేస్తా. యిమానమో పడవో, ఏదైతే అది."

నేను ఎన్నో చెప్పవలసినవాణ్ణి. పెద్దల మాటలు, అభిప్రాయ భేదాలు అన్నీ నోటి దాకా వచ్చాయి. వాకిలి మీద ఎండ నిలువుగా పడుతోంది. నా వెనక బండల మీద నీటిచుక్క పడి ఆవిరైనట్టు సన్నని చప్పుడు అయింది. మస్తానమ్మ చూపు నా భుజం మీదుగా దాటి వాకిట్లో నిలబడిపోయింది. ఆమె భయపడలేదు. చాలా నెలల తరువాత ఆ ముఖంలో పని మీద బయలుదేరేవాళ్ళ తొందర కనిపించింది. కొంగు సర్దుకుని, ఎప్పుడూ మొగుడితో మాట్లాడే గొంతుతోనే అంది:

"ఎండలో నువ్వింక రావద్దులే. ఆడనే ఉండు. నేనే వస్తాండా."

నేను వెనక్కి తిరగలేదు. పాస్‌పోర్టుకు ఏ కాగితాలు కావాలో చెప్పడం మొదలుపెట్టాను.